పోటుగీత దాకా

దస్తావేజులో ఇలా రాసుంది:
తూర్పున ఎర్ర దేవదారు గుంజ,
పడమర టాలీ వారి కంచె,
ఉత్తరాన బండ్ల బాట,
దక్షిణాన పోటుగీత దాకా.

తొంభై ఏడేళ్ళ కిందటి సిరా.
మూడు హద్దులు నిలబడి ఉంటాయని,
నాలుగోది నడిచొస్తుందని
రాసినవాడికి తెలీదు.

నేను కౌంటీ సర్వేయర్ని.
మేరీలాండ్ మ్యాపులో వేలెడంత నేల, పార్సన్స్ నెక్.
నీళ్ళలోకి చాచుకున్న నేలని ఇక్కడ మెడ అంటారు.
బే పేరు చీసపీక్.
మా చెవులతో వింటే అందులోనే పీక ఉంది.
పీకల్లోతు అన్న మాటకి అర్థం ఇక్కడెవరికీ చెప్పలేదు,
చెప్పే పనీ పడలేదు.

రోడ్డు పక్కన గుంజకి తెల్లరంగు పట్టీ.
నీళ్ళు పట్టీ దాటితే ఆ పూట స్కూలు బస్సు రాదు.
డ్రైవరు వాండా ట్రావర్స్ సీటు పక్కన రెండు క్యాలెండర్లు,
ఒకటి బడి సెలవులది, ఒకటి ఆటుపోట్లది.
ఇక్కడి పిల్లలకి అమావాస్యంటే ఆటవిడుపు.

పైన్ చెట్లు నిలబడే చచ్చిపోయాయి.
వేళ్ళకి ఉప్పు తగిలిన కబురు
కొమ్మలకి చేరడానికి పదేళ్ళు పట్టిందట.
ఆ పదేళ్ళూ పచ్చగానే ఉన్నాయి,
పాపం, అతిథులొచ్చినప్పుడు నవ్వినట్టు.

ఓరెన్ ఇన్‌స్లీకి ముందు మొక్కజొన్న పోయింది,
తర్వాత సోయా చిక్కుడు.
ఇప్పుడు చేనంతా చౌడు తేలి
విరిగిన పాలు ఒలికినట్టుంది.
వంగి చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకున్నాడు.
"నీ మిషను ఎంతంది?"
చెప్పాను.
"ఇదీ అంతే అంటోంది" అన్నాడు, ఉమ్మేసి.

గట్టు తగాదాలు నాకు కొత్త కాదు.
మా వైపు దాయాది ఏటా ఒక్క చాలు ఇవతలికి దున్నుతాడు.
పదేళ్ళకి నీ గట్టు వాడి చేలో ఉంటుంది.
పెద్దమనుషులొస్తారు, గొలుసు పరుస్తారు,
తిట్లు, కోర్టు, వాయిదాలు,
ఆఖరికి ఎవరో ఒకరు ఒక రాయి పాతుతారు.

ఈ దాయాది నోరెత్తడు.
రోజుకి రెండుసార్లు వచ్చి, మర్యాదగా వెనక్కి వెళ్తాడు.
వెళ్ళిన ప్రతిసారీ
ఓ వెంట్రుక వాసి తక్కువ వెళ్తాడు.
నోటీసు ఏ అడ్రసుకి పంపను?
పంపితే ఒక కాపీ,
డెబ్బై మైళ్ళు పెట్రోలు కాల్చుకొచ్చిన
నా ట్రక్కు అద్దానికే అంటించాలి.

దస్తావేజులో పంతొమ్మిదెకరాలు.
ఈసారి కొలిస్తే పదకొండెకరాల నలభై సెంట్లు.
అమ్మినవాడు లేడు, కొన్నవాడు లేడు,
వేలిముద్ర కూడా లేదు.
తక్కిన ఏడెకరాల అరవై సెంట్లకి
ఫారంలో ఒక గడి ఉంది: ప్రస్తుత యజమాని.
పెన్ను అక్కడే ఆగింది.
ఓరెన్ నా భుజం మీంచి చూశాడు.
"ఖాళీగా వదిలెయ్. వాడికి చదువు రాదు."

ఇంటిని జాకీలతో పైకెత్తి పదమూడు మెట్లు కట్టారు.
వాళ్ళ పెద్దత్త ఎల్ఫ్రీడా
మోకాళ్ళు మొరాయించినప్పట్నించీ దిగలేదు.
నేల మీద ఏమవుతోందో
పైనించే అజమాయిషీ చేస్తుంది.
రబ్బరు బూట్లతో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి
పాత మూల కోసం వెతుకుతుంటే
వరండాలోంచి కేక:
"అక్కడ కాదు, ఇంకొంచెం ఎడమకి!
ఇంకా...
ఆఁ, చూసి నడువు,
అది మా అమ్మ ఉల్లిమడి."

తెలీకుండానే కాలు పక్కకి తీసేశాను.

కొలత కర్ర నీళ్ళలోకి దించాను.
దిగింది.
మెత్తగా, ఇంకా దిగుతోంది.